పైన నిలిచిన ప్రశ్న

మార్చి 2

మా ఆవిడ చివరి రోజు సంగతి ఒకసారి రాసి పెడతాను. మళ్లీ రాయను.

అక్టోబరు, ఆదివారం. ఉదయం ఆమె ముందుగదిలో మిషన్ దగ్గర కూర్చుంది. కిటికీకి రెండో కర్టెన్ కుడుతోంది. మొదటిది అప్పటికే తగిలించింది. నేను పేపరు చదువుతున్నాను. మిషన్ కాసేపు నడుస్తోంది, ఆగుతోంది, మళ్లీ నడుస్తోంది. ఒకసారి "ఇదేంటి, కింద దారం ఉండలు కడుతోంది" అంది. నాతో కాదు, మిషన్‌తో. తర్వాత లేచి కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో టైపు చేసింది. "తల బరువుగా ఉంది, కాస్త నడుం వాలుస్తాను. పాలు వస్తే చూడండి" అని లోపలికి వెళ్లింది.

పాలు వచ్చాయి. కాచాను. కాఫీ కలిపి తీసుకెళ్లాను. లేవలేదు.

ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉంచారు. మెదడులో నరం చిట్లిందన్నారు. పొద్దున్నే మొదలై ఉంటుందన్నాడు డాక్టరు. చీకటి పడ్డాక మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కారులో కూర్చోబెట్టింది.

ఇంటికొచ్చి చూస్తే మిషన్ పాదం గుడ్డను అదిమి పట్టుకునే ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది. కిటికీకి ఒకవైపే కర్టెన్. మధ్యాహ్నం ఎండ సగం గదిలోకి వస్తుంది.

అంతే.

మార్చి 3

ఆ ఉదయం ఆమె టైపు చేసింది ఏమిటో నాకు తెలుసు. తెలిసి చాలా రోజులైంది.

మిషన్ విడిభాగాలు అమ్మే ఒక షాపాయన నడిపే వెబ్‌సైటు అది. ఎవరి కుట్టుమిషనైనా మొరాయిస్తే అక్కడ అడుగుతారు. తెలిసినవాళ్లు చెబుతారు. పని అయ్యాక అడిగినవాళ్లు వచ్చి "కుట్టు పడింది" అని రాస్తారు. అదే వాళ్ల థాంక్స్. అక్కడ ఎవరి అసలు పేర్లూ ఉండవు. ఆమె పేరు కత్తెరమ్మ. ఎవరైనా వాదులాడుకుంటే మధ్యలో దూరి తెగ్గొట్టేదట.

జవాబు రాని ప్రశ్న పేజీలో అన్నిటికంటే పైన నిలుస్తుంది. ఒక్కరు జవాబు రాసినా కిందికి దిగుతుంది. ఈ పద్ధతి షాపాయనతో పోట్లాడి ఆమే పెట్టించింది. "పేజీ తెరవగానే ముందు ఇరుక్కుపోయినవాళ్లు కనపడాలి" అనేది.

ఇప్పుడు అన్నిటికంటే పైన ఉన్నది ఆమె ప్రశ్నే.

"పైన కుట్టు బాగానే ఉంది. కింద దారం ఉండలు కడుతోంది. బాబిన్ మార్చాను. సూది మార్చాను. ఇంకేం చూడాలి?"

జవాబులు: 0.

ఎన్నేళ్లు రాసింది వాళ్లకి! కూర పొయ్యి మీద పెట్టి వచ్చి మరీ రాసేది. ఒక్కరికీ చెయ్యి రాలేదు.

మార్చి 5

చూడలేదు.

మార్చి 6

చూశాను. 0.

మార్చి 11

సైటు రూపం మార్చారు. పొద్దున తెరిస్తే వేరే ఎవరింటికో వెళ్లినట్టుంది. లేత గులాబీ రంగు. పెద్ద పెద్ద బొమ్మలు. అన్నిటికంటే పైన ఎవరిదో పూలు కుట్టిన దిండు గలీబు, దాని కింద బోలెడు హృదయాలు. ఎక్కువమందికి నచ్చినవి పైన ఉంటాయట. జవాబు లేనివి ఎక్కడో అడుగున.

ఆమె ప్రశ్న కోసం కిందికి జరుపుతూ పోయాను. ఆఫీసు బస్సు తప్పిపోయింది.

పక్కన ఒక పెట్టె ఉంది. "కొత్త రూపం ఎలా ఉంది? మీ అభిప్రాయం చెప్పండి." ఏడుపు ముఖం నుంచి నవ్వు ముఖం దాకా ఐదు ముఖాలు. రాయాలంటే పేరు పెట్టుకోమంది. చదువరి అని పెట్టుకున్నాను.

"అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి. బూడిద రంగు వల్ల వయసు పైబడినవారికి కనిపించవు. దయచేసి సరిచేయగలరు" అని రాశాను.

నా అభ్యంతరం అక్షరాల సైజు గురించే.

మార్చి 12

అక్షరాలు పెంచారు, నల్లగా కూడా చేశారు. ఎవరో డిజైనర్ అమ్మాయట. "మీ సూచనకు ధన్యవాదాలు చదువరి గారూ" అని కూడా రాసింది. చురుకైన మనిషి.

ఇక నాకు ఫిర్యాదు లేదు.

సాయంత్రం మళ్లీ రాశాను. ఈసారి బొమ్మలు తెరుచుకోవడానికి ఆలస్యమవుతోందని.

మార్చి 14

మిగతావాళ్లు ఏం రాస్తున్నారో చూశాను. ఊరికే.

బాబిన్ బాబాయ్ అనే ఆయన: "కొత్త ఇల్లు కళకళలాడుతోంది తల్లీ. గుమ్మం ఎక్కడో చెప్తే లోపలికొస్తాం."

గుండీ: "రంగు ఐస్‌క్రీం బండిలా ఉంది. పోనీలే, అలవాటు పడతాం. మా మొదటి ప్రశ్న ఎక్కడ పెట్టారు?"

వంకరకుట్టు: "హృదయాలు నొక్కీ నొక్కీ వేలు నొప్పెడుతోంది. మొదటి ప్రశ్న ఏది?"

ఇంకా బోలెడుమంది. ఏడుపు ముఖం నొక్కడం, మొదటి ప్రశ్న ఏదని అడగడం. డిజైనర్ పాపం "ఏ మొదటి ప్రశ్న అండీ?" అని అడిగింది.

"తెలిసినవాళ్లకి తెలుసులే" అన్నాడు బాబిన్ బాబాయ్.

నాకు ఒళ్లు మండింది. జవాబు చెప్పడానికి నోరు రానివాళ్లకు ఇప్పుడు ఆమె ప్రశ్న ఎందుకు? అలంకారానికా?

రాయబోయి మానేశాను. నా అభ్యంతరం అక్షరాల సైజు గురించి. అది తీరిపోయింది.

మార్చి 16

ఈరోజు జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున డిజైనర్ అందరికీ కనపడేలా ఒక ప్రకటన పెట్టింది. "మీరంతా అడుగుతున్న ప్రశ్న దొరికింది. ఇన్ని నెలలుగా దానికి జవాబు రాలేదు, అందుకే మీరందరూ బాధపడుతున్నారని అర్థమైంది. రేపు మా షాపు మెకానిక్ చేత జవాబు రాయిస్తాం. సమస్య తీరిపోతుంది."

అంతే. తేనెపట్టు కదిపినట్టయింది.

"వద్దు!"

"చెయ్యి పెట్టకు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"ఆ మెకానిక్‌ని చేతులు కట్టేసి కూర్చోబెట్టండి."

"మాకు రాదనుకున్నావా అమ్మాయ్ జవాబు?"

డిజైనర్ రాసింది: "నాకు నిజంగా అర్థం కావట్లేదండీ. ప్రశ్న కావాలంటారు, జవాబు వద్దంటారు. నేనేం చెయ్యాలి?"

తర్వాత వంకరకుట్టు రాసింది. ఆ మాటలు ఇక్కడ ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను.

"అమ్మాయ్, నీ తప్పు లేదు, నీకు తెలీదు కాబట్టి చెప్తున్నా. ఆ జవాబు ఇక్కడ అందరికీ తెలుసు. పాదం ఎత్తి దారం ఎక్కించాలి. పాదం దించి ఉండగా ఎక్కిస్తే దారం పైన దాన్ని బిగించే బిళ్లల మధ్యకి దిగదు, వదులైపోయి కింద ఉండలు కడుతుంది. మాకు ఇది నేర్పిందే కత్తెరమ్మ. నాకైతే మూడుసార్లు చెప్పింది, మూడోసారి తిట్టి చెప్పింది. అలాంటి మనిషి ఆ రోజు అదే అడిగితే మమ్మల్ని ఆటపట్టిస్తోంది అనుకున్నాం. ముందు ఎవరు చెప్తారో చూద్దామని నవ్వుకుంటూ ఆగాం. మర్నాడు కబురు తెలిసింది. ఇంక ఎవరికీ చేతులు రాలేదు. జవాబు రాస్తే ఆవిడ కిందికి దిగిపోతుంది. రాయకపోతే రోజూ పేజీ తెరవగానే పైన ఆవిడే ఉంటుంది. ఎవరం ఎవరితోనూ అనుకోలేదు. అందరం అదే చేశాం."

చదివాను. కుళాయి కారుతున్నట్టు అనిపించి కట్టేద్దామని లేచాను. కట్టే ఉంది.

మార్చి 17

జ్వరం కాదు. ఆఫీసుకు వెళ్లలేదు.

మార్చి 18

అమ్మాయి వచ్చింది. ఆఫీసుకు ఎందుకు వెళ్లలేదని అడగలేదు. సంచిలోంచి పళ్లు తీసి బల్ల మీద పెట్టి, "చదివావా?" అంది.

"ఏది?"

"నాన్నా."

"చదివాను. నీకెలా తెలుసు?"

"నేనూ అక్కడే ఉంటాను కదా. గుండీ నేనే."

"ఐస్‌క్రీం బండి అన్నది నువ్వా?"

"మరి ఎలా ఉంది రంగు? చిన్నప్పుడు గుండీ మింగేశానని అమ్మ అందరికీ చెప్పేదిగా. నీకు తట్టలేదా?"

గుండీ మింగిన రోజు గుర్తుంది. ఆ పేరుతో కలిపి చూసుకోలేదు.

"నువ్వేమో చదువరివి" అంది.

"ఎవరు చెప్పారు?"

"దయచేసి సరిచేయగలరు అని ఇంకెవరు రాస్తారు నాన్నా? అంత మర్యాదగా కసురుకునేవాళ్లు మన ఇంట్లోనే ఉన్నారు."

నవ్వొచ్చింది. అది నవ్వుతుంటే అచ్చం ఆమెలాగే ముక్కు ముడుచుకుంటుంది. కాసేపు కిటికీ వైపు చూశాను.

"ఇన్ని నెలలు వాళ్లు మరిచిపోయారనుకున్నాను" అన్నాను.

"నాకు చెప్పుంటే నేను చెప్పేదాన్నిగా."

"నువ్వు చెప్పలేదుగా."

"నువ్వు అడగలేదుగా."

ఇద్దరం పళ్లు తిన్నాం. వెళ్లే ముందు, "శుక్రవారం సెలవు పెట్టు. షాపుకి వెళ్దాం" అంది.

"నాకేం సంబంధం?"

నాకేసి చూసింది. అది కూడా వాళ్లమ్మ అలవాటే.

మార్చి 20

షాపుకి వెళ్లాం. ఇరుకైన గది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, పైనుంచి వేలాడుతున్న బెల్టులు, గాజు సీసాల్లో దారం చుట్టే బాబిన్లు, మిషన్ నూనె వాసన. ఆమె చేతుల వాసన అదే. గుమ్మంలో కొంచెం ఆగాల్సి వచ్చింది.

షాపాయన లేచి ఎదురొచ్చాడు. "రండి రండి బావగారూ! ఇన్నాళ్లకి దారి తెలిసిందా? అక్కగారు ఉన్నప్పుడు ఒక్కసారైనా వచ్చారా మీరు?"

"ఆమె వచ్చేదిగా."

"వచ్చి నన్ను తిట్టి వెళ్లేది. సైటు పెట్టింది నేను, పెత్తనం ఆవిడది. ఏనాడైనా నా మాట విందా అసలు?" అంటూనే కళ్లు తుడుచుకున్నాడు. కుర్చీ మీదున్న పెట్టెలు తీసి నన్ను కూర్చోబెట్టాడు.

మూల బల్ల దగ్గర డిజైనర్ అమ్మాయి ఉంది. మా అమ్మాయి కంటే చిన్నది. నేనెవరో తెలియగానే నిలబడింది. "సారీ సార్. నాకు ఎవరూ చెప్పలేదు."

"ఎవరికీ ఎవరూ చెప్పలేదమ్మా. కూర్చో" అన్నాను.

విషయం ఎత్తాను. పాత వరస తిరిగి పెట్టమన్నాను. రూపం ఏదైనా సరే, రంగు ఏదైనా సరే.

షాపాయన తల గోక్కున్నాడు. "అక్కగారి ప్రశ్న ఒక్కటీ పైన కట్టేద్దాం బావగారూ, ఫొటో పెట్టి. దండ కూడా వేయించేద్దాం. మిగతాది ఇలాగే ఉండనివ్వండి. కొత్తవాళ్లు రావాలా వద్దా? తలుపు తియ్యగానే ఎవడో నెత్తి కొట్టుకుంటూ కనిపిస్తే లోపలికెవరొస్తారు?"

"అవును సార్" అంది డిజైనర్. "జవాబు లేని ప్రశ్నలు పైన ఉంటే సైటు చచ్చిపోయినట్టు..." నాలుక కరుచుకుంది.

"పర్లేదు. చెప్పు."

"బాగుండదు సార్" అంది నెమ్మదిగా.

నాకు మాట్లాడటం చేతకాదు. తెలిసింది ఒక్కటే, అదే చెప్పాను. "నేను మంచినీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తానమ్మా. బాగున్న నీళ్ల సీసాలు వెనక అరలో పెట్టేస్తాం. తేడా వచ్చిన సీసా మాత్రం బల్ల మీద, వచ్చేపోయే అందరి కళ్లముందూ ఉంటుంది. బాగున్నవి ముందు పెడితే గది చూడముచ్చటగానే ఉంటుంది. ఊరు మాత్రం ఆ తేడా నీళ్లే తాగుతుంది. ఆమె ఫొటో వద్దు, దండ వద్దు. ఆమె ఆ వరస పెట్టమంది తన కోసం కాదు."

మా అమ్మాయి అంది: "రూపం మారాక జవాబు రానివి ఎన్ని ఉన్నాయో ఒకసారి చూపించండి."

డిజైనర్ కంప్యూటర్‌లో ఏదో నొక్కింది. తెర మీద ప్రశ్నలు వచ్చాయి. కిందికి జరిపింది. ఇంకా జరిపింది. సూదులు విరుగుతున్నాయి, బెల్టు జారుతోంది, రేపు పెళ్లికి బట్ట ఇవ్వాలి మిషన్ ఆగిపోయింది. అన్నిటి పక్కనా 0. ఆమె వేలు ఆగడం లేదు. షాపాయన వెనక నిలబడి చూస్తున్నాడు.

"ఇవన్నీ ఈ పది రోజుల్లోవేనా?" అన్నాడు.

"అవునండీ."

"ఇదివరకు ఎన్ని ఉండేవి?"

ఆ అమ్మాయి మళ్లీ నొక్కింది. చాలాసేపు తెరనే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఒక్కటే సార్. ఆవిడదే."

షాపాయన కుర్చీలో కూలబడ్డాడు. "పోయి కూడా నన్ను నెగ్గనివ్వదు చూడండి ఈవిడ. మార్చెయ్ తల్లీ. ముందు ఆ వరస పెట్టు, మిగతా పనులన్నీ తర్వాతే."

"ఐస్‌క్రీం రంగు?" అంది మా అమ్మాయి.

"అది మాత్రం ఉండనివ్వండమ్మా, సొంతింటికి వేయించుకున్నట్టు ముచ్చటపడి వేయించుకున్నాను."

బస్సులో అమ్మాయి నా భుజం మీద తల పెట్టింది. "అంతసేపు మాట్లాడావు తెలుసా?" అంది. తెలియదు. గొంతు మాత్రం బొంగురుపోయింది.

మార్చి 24

వరస తిరిగి వచ్చింది. గులాబీ రంగు అలాగే ఉంది. హృదయాలు ఒక పక్కకు పోయాయి.

అన్నిటికంటే పైన కత్తెరమ్మ. దాని కింద ఇన్నాళ్లూ అడుగున పడి ఉన్న ప్రశ్నలన్నీ బారులు తీరి ఉన్నాయి.

వాళ్లు ఆ బారు మీద పడ్డారు. అలాంటిది నేను చూడలేదు. బెల్టు జారేవాళ్లకు బాబిన్ బాబాయ్, సూదులు విరిగేవాళ్లకు వంకరకుట్టు. ఎన్నాళ్లుగానో కనపడనివాళ్లు కూడా వచ్చారట, ఒకరినొకరు పలకరించుకుంటూ, వేళాకోళాలాడుకుంటూ. ఒక్కో ప్రశ్నా దిగిపోతోంది. ఒక్కొక్కరే వచ్చి రాస్తున్నారు: కుట్టు పడింది. కుట్టు పడింది. కుట్టు పడింది. పెళ్లిబట్టల మనిషి వచ్చి, పక్కింటి మిషన్ మీద కుట్టి ఇచ్చేశాననీ, ఇప్పుడు తనదీ బాగైందనీ రాసింది.

భోజనం సంగతి మరిచిపోయాను. అమ్మాయి ఫోన్ చేసింది.

"చూస్తున్నావా?"

"లేదు."

"ఇంకెన్ని ఉన్నాయి?"

"రెండు. ఆగు, ఒకటి దిగింది."

"పైన ఎవరున్నారు నాన్నా?"

"అమ్మే."

ఫోన్ పెట్టేశాక అన్నం వడ్డించుకున్నాను.

మార్చి 25

అభిప్రాయాల పెట్టెలో అన్నీ నవ్వు ముఖాలు. గుమ్మం దొరికిందట బాబిన్ బాబాయ్‌కి. "డిజైనర్ తల్లికి అందరం కలిసి ఒక జాకెట్టు కుట్టి పంపుదాం, కొలతలు పంపమనండి" అన్నాడు. "నీ కుట్టు అయితే వద్దులే బాబాయ్, ఒక చెయ్యి పొడుగొస్తుంది" అంది వంకరకుట్టు.

నేనూ చివరి ముఖం నొక్కాను. తర్వాత రాశాను: "బాగుంది."

మార్చి 28

సాయంత్రం పెట్టెలో ఒక అభిప్రాయం వచ్చింది. కొత్త మనిషి. పేరు కొత్తసూది.

"సైటు చాలా బాగుంది. చిన్న సందేహం. నాకున్న సమస్యే అన్నిటికంటే పైన ఉన్న ప్రశ్నలో ఉంది. నా మిషన్‌కీ కింద దారం ఉండలు కడుతోంది. ఎవరైనా చెప్తారేమోనని రోజూ వచ్చి చూస్తున్నాను. ఎవరూ చెప్పలేదు. ఆవిడకే చెప్పలేదంటే నాకేం చెప్తారులే అని అడగలేదు. మిషన్ మూలన పెట్టేశాను."

రోజూ వచ్చి చూస్తున్నాను. ఎవరూ చెప్పలేదు. ఈ మాటలు ఎవరివో నాకు తెలుసు. ఈ డైరీలో నేను రాసుకున్నదీ అదే.

డిజైనర్ ఈసారి తొందరపడలేదు. "ఏం చెయ్యమంటారు?" అని మాత్రం అడిగింది.

బాబిన్ బాబాయ్, ఆ పిల్లకి విడిగా ఉత్తరం రాసి చెప్పేద్దాం, పైది కదపొద్దు అన్నాడు. కొందరు సరే అన్నారు. చివరికి వంకరకుట్టు రాసింది: "ఇది మనం తేల్చేది కాదు. చదువరి గారూ, ఉన్నారా?"

చదువరి ఎవరో షాపాయన చెప్పి ఉంటాడు. మా అమ్మాయి కూడా అయ్యుండొచ్చు.

వెంటనే రాయలేదు. ముందుగదిలోకి వెళ్లి మిషన్ ముందు నిలబడ్డాను. గుడ్డ మీద సన్నగా దుమ్ము పట్టింది. కింద దారం ఉండ తెల్లగా, పిచ్చుక గూడులా ఉంది. ఆ ఉండ చేసిన చేయి ఆమెది. పాదం దించే ఉంది, పైన దారం బిళ్లల మధ్యకి దిగకుండా బయటే ఉంది. అప్పుడు అర్థమైంది, ఆ పాదం దించి ఉండగానే ఆ రోజు ఆమె దారం ఎక్కించిందని. ఎన్నో వేలసార్లు సరిగ్గా చేసిన పని. డాక్టరు అన్నట్టు అప్పటికే మొదలై ఉంటుంది.

విడిగా చెబితే ఈ పిల్లకు సరిపోతుంది. తర్వాత వచ్చేవాళ్లో? వాళ్లూ గుమ్మంలో నిలబడి, జవాబు లేని ప్రశ్న చూసి, అడగకుండా వెళ్లిపోతారు. ఆమె పోట్లాడి పెట్టించుకున్న చోట, ఆమె పేరు కిందనే.

పేజీ తెరవగానే ముందు ఇరుక్కుపోయినవాళ్లు కనపడాలి. ఆమె ఇప్పుడు ఇరుక్కుపోయిన మనిషి కాదు. కొత్తసూది ఇరుక్కుపోయింది. నేను కూడా.

తిరిగి వచ్చి రాశాను: "ఉన్నాను. ఆ ప్రశ్నకు నేను జవాబు రాస్తాను. రేపు."

వరసగా మాటలు వచ్చాయి.

"ఆయన రాసేదాకా ఎవరూ చెయ్యి పెట్టకండి."

"మెకానిక్‌కి కూడా చెప్పండి."

"తిట్టి చెప్పండి సార్, ఆవిడలాగే. అప్పుడే బుర్రకెక్కుతుంది."

గుండీ ఏమీ రాయలేదు. ఫోన్ చేసింది. "రేపు పొద్దున్నే వస్తాను నాన్నా. పాలు నేను కాస్తాను" అంది. సరే అన్నాను.

స్వయంగా చూడనిది నేను ఏ రోజూ కాగితం మీద పెట్టలేదు. ఇదీ అంతే. రేపు పొద్దున ఆమె కుర్చీలో కూర్చుంటాను. పాదం ఎత్తుతాను. గుడ్డ బయటికి తీసి, దారం ఉండ కత్తిరించి, ఆమె దారపు డబ్బాలో పెడతాను. పాదం ఎత్తి ఉండగానే దారం మళ్లీ ఎక్కిస్తాను. అప్పుడు పాదం దించి, ఆమె ఆపిన చోటి నుంచి కర్టెన్ కుడతాను. వంకర పోతే పోతుంది. గుడ్డ తిప్పి కింద చూస్తాను. బాగుంటే జవాబు రాస్తాను. ఆ ప్రశ్న కిందికి దిగడం చూస్తాను. తర్వాత కర్టెన్ తగిలిస్తాను.